వాకిట్లో కృష్ణబిలం

మా మనవరాలు ఉత్పల, దాని మొగుడు సన్యాసిరావు ఆర్నెల్లపాటు ఒకే ఇంట్లో ఉండి, ఒకే కంచంలో తిని, పగలంతా ఒకే కృష్ణబిలాన్ని చూసి, దాని గురించి ఒకరితో ఒకరు ఒక్క ముక్క కూడా మాట్లాడుకోలేదు. పంతాలొచ్చి కాదు. ఇద్దరి గొంతులకీ తాళాలు వేశారు.

ముసలాడు కోతలు కోస్తున్నాడు అనుకుంటారేమో. కోస్తాను, కాదనను. మా ఊరి దగ్గర గోదావరి సుడిలో పడ్డ ఎడ్లబండి మరుసటేడు యానాంలో తేలిందనీ, అప్పటికి ఆ ఎడ్లు రెండూ ఫ్రెంచిలో రంకెలు వేస్తున్నాయనీ నేను చెబితే నమ్మినవాళ్ళు ఇప్పటికీ బతికే ఉన్నారు. కానీ ఈ తాళాల సంగతి ఆ ఎడ్ల సంగతిలాంటిది కాదు.

మారేడుమిల్లి దాటి ఘాట్ రోడ్డు ఎక్కితే కొండ నెత్తిన ఖగోళ గణన కేంద్రం ఉంది. ఉత్పల, సన్యాసిరావు ఇద్దరూ అక్కడే పనిచేస్తారు. మా ఆవిడ పోయాక ఉత్పల నన్ను కూడా అక్కడి క్వార్టర్స్‌కి తెచ్చేసుకుంది. నాది వీధిబడి చదువు. కేంద్రం అంటే తాటిచెట్టంత గొట్టం ఉంటుందనీ, కన్ను పెట్టి చూస్తే రంభ తల దువ్వుకుంటూ కనిపిస్తుందనీ ఆశపడి వెళ్ళాను. గొట్టం లేదు, రంభ లేదు. ఉన్నవల్లా బీరువాలు. వరసలు వరసలుగా కంప్యూటర్ల బీరువాలు, లోపల తేనెపట్టు రేగినట్టు రొద.

"మనవడా, ఈ వేడికి ఇక్కడో కోడిపెట్టని వదిలితే గుడ్డు పెట్టేలోపే పిల్ల అయిపోద్దయ్యా" అన్నాను సన్యాసిరావుతో.

"ఏసీలున్నాయి కదేటి తాతగారూ" అన్నాడు.

అతనిది పాలకొండ వైపు. నెమ్మదస్తుడు. వేళాకోళం అతని దాకా చేరడానికి కొంచెం వ్యవధి పడుతుంది. మనవరాలు తాతకి పెళ్ళాం వరస అని ఆటపట్టించడం మా వైపు మామూలే కాబట్టి, "పేరేమో సన్యాసి, ఎత్తుకుపోతున్నది నా పెళ్ళాన్ని" అని పెళ్ళిపీటల మీదే అన్నాను. అతను అక్కడ బుద్ధిగా తలూపి, మూడు నిద్రలకి మా ఇంటికొచ్చినప్పుడు నవ్వాడు.

దూరదర్శినులు ఇక్కడ లేవుగానీ, ప్రపంచమంతా ఉన్నాయి. ఎడారుల్లో కొన్ని, మంచుకొండల మీద కొన్ని, చందమామ వీపు మీద ఒకటి. అన్నీ ఒకే క్షణాన ఆకాశంలో ఒకే చోటుకి చెవి ఒగ్గుతాయి. వాటికి అందినదంతా మా కొండ మీద బీరువాల్లోకి వచ్చి పడుతుంది. "భూమికన్నా పెద్ద దూరదర్శిని కావాలి తాతయ్యా. అంతది కట్టలేం. అందుకని అక్కడో ముక్కా ఇక్కడో ముక్కా పెట్టి, మధ్యలో ఖాళీలు లెక్కలతో పూడుస్తాం" అని ఉత్పల చెప్పింది.

"అంటే చిరిగిన వలేసి, పడ్డ చేపల్ని బట్టి పారిపోయిన చేపల మొహాలు గీస్తారన్నమాట."

"ఆఁ, అదే!" అంది మురిసిపోయి. నేను ఎద్దేవా చేశాననుకున్నాను. అది మెచ్చుకోలు కింద తీసుకుంది.

ఆ గీయడంలోనే ఉన్నాయి తిప్పలన్నీ. వలలో పడ్డ ముక్కలకి సరిపోయే బొమ్మలు బోలెడు. అందుకని వీళ్ళు బీరువాల్లో దొంగ కృష్ణబిలాల్ని తయారుచేస్తారు. వాటిని నమూనాలంటారు. ఒకదాంట్లో బిలం జోరుగా తిరుగుతుంది, ఒకదాంట్లో బద్ధకంగా. ఒకదాని చుట్టూ నిప్పులాంటి వాయువు పల్చగా ఉంటుంది, ఒకదాని చుట్టూ చిక్కగా. ఒక్కొక్క దొంగ బిలాన్నీ అదే చిరుగుల వలలోంచి చూస్తే ఎలా కనిపిస్తుందో లెక్కకట్టి చూసుకుని, అసలుదాంతో పోల్చుతారు. పోలిక కుదిరినదే అసలుదాని రహస్యం. మా కాలంలో పెళ్ళిచూపులకి ముందు ఫొటో తెప్పించుకుని పిల్ల ఎత్తెంతో, నడకెలాగో ఊహించినట్టు.

అయితే కంటికి ఓ జబ్బుంది. పక్కవాడు ఏది చూశానంటే అదే కనిపిస్తుంది. వెనకటికోసారి రెండు బృందాలు ఒకే క్యాంటీన్‌లో కాఫీలు తాగి, ఒకే బొమ్మ తేల్చాయట. లోకమంతా ఆ బొమ్మని గోడలకి తగిలించుకున్నాక అది తప్పని తేలింది. మొదటి బృందం పొరబడింది, రెండోది మొదటివాళ్ళ కబుర్లు విని పొరబడింది. అప్పట్నుంచీ ఒకే సమాచారాన్ని రెండు బృందాలకి విడివిడిగా ఇచ్చి, ఒకరి మాట ఒకరికి చేరకుండా కట్టుదిట్టం చేశారు. ఆ కట్టుదిట్టం కోసం పుట్టిందే మౌనపట్టీ.

తమలపాకు ముక్కంత ఉంటుంది. గొంతు గుంటలో అంటిస్తారు. నాలుక ఏమనబోతోందో నాలుకకన్నా ముందే పసిగడుతుంది. ఉప్పు, పప్పు, వాన, పెట్రోలు ధర ఏం మాట్లాడినా ఊరుకుంటుంది. బొమ్మ సంగతి ఎత్తారా, గొంతులోంచి మాట రాదు. కాలిన పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు 'సుయ్' మంటుంది, అంతే.

మా ఖర్మకొద్దీ ఉత్పల ఒక బృందంలో, సన్యాసిరావు రెండో బృందంలో.

పట్టీలు అంటించక ముందు రోజు వంటింట్లో ఉత్పల మజ్జిగ చిలుకుతూ తన గోడంతా చెప్పుకుంది. కవ్వం తిప్పడం ఆపి గిన్నెలో సుడి చూపించింది.

"ఇది బిలం చుట్టూ ఉన్న వాయువు అనుకో. ఇటు తిరుగుతోంది. ఇందులో అనుమానం లేదు. మధ్యలో బిలం కూడా ఇటే తిరుగుతోందని అందరూ అంటారు. నేను ఎదురు తిరుగుతోందంటున్నాను."

"మీ అమ్మమ్మ గుర్తొస్తోందే."

"విను తాతయ్యా. ఆ చుట్టూ వెలుగు గుండ్రటి కట్టలా ఉంటుంది. ఒకపక్క చిక్కగా ఉంటుంది. ఆ చిక్కదనం పైన ఉంటే వాళ్ళ మాట నిజం. కింద ఉంటే నాది."

"అది ఎటు తిరిగితే మనకేంటి? మన బియ్యం ఉడక్కపోతాయా?"

"ఎదురు తిరిగిందంటే ఎప్పుడో రెండు బిలాలు ఢీకొని ఒకటైనట్టు. ఆ నక్షత్రాల గుంపు పుట్టుపూర్వోత్తరాలన్నీ మళ్ళీ రాసుకోవాలి." కవ్వం పక్కన పెట్టేసింది. "చదువయిన దగ్గర్నుంచీ నేను దీని మీదే ఉన్నాను. నా నమూనాలు చూసి నవ్వనివాళ్ళు లేరు. ఈసారీ తేలకపోతే వాటిని చెరిపేస్తారు. బీరువాల్లో చోటు చాలట్లేదంటున్నారు."

అప్పుడు మాత్రం నాకు వేళాకోళం రాలేదు. మజ్జిగలో ఉప్పేసి చేతికిచ్చాను.

మర్నాడు పట్టీలొచ్చాయి. మొదట్లో నాకు నాటకం చూసినట్టుండేది. ఆ పట్టీ మహా తెలివైంది. మనుషులు పోలికలతో తప్పించుకుంటారని దానికి తెలుసు. అందుకని బొమ్మకి పోలికయ్యే వస్తువుల పేర్లని కూడా నొక్కేసేది. ఓ ఆదివారం సన్యాసిరావు వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఉత్పలా, ఈవేళ సుయ్... చేస్తావేటి?"

"ఏం చేయాలి?"

"అదే, సుయ్... అల్లం పచ్చడితో తింటాం కదా."

"పెసరట్టా?"

"కాదు. సుయ్!" అని విసుగొచ్చి వేళ్ళతో గుండ్రంగా చుట్టి, మధ్యలో చిల్లు చూపించబోయాడు.

"చేతులు దించు!" అని ఉత్పల కేకేసింది. "సైగలు కూడా తప్పే. ఝాన్సీగారికి తెలిస్తే ఇద్దర్నీ పీకేస్తారు."

"గారెలడుగుతున్నాడే వెర్రిమొహమా" అన్నాను నేను.

నా గొంతుకి పట్టీ లేదు కదా. ఆ ఇంట్లో గుండ్రటి వస్తువులన్నింటికీ నేనే దుబాసీని. గాజులు, టైర్లు, చక్రాలు, చెవి రింగులు, ఏవి కావాలన్నా నా చేత అడిగించుకునేవాళ్ళు. అయినా బొమ్మ సంగతి నాక్కూడా చెప్పలేదు. ఇద్దరూ నిప్పులాంటి మనుషులు. కేంద్రం పెద్ద ఝాన్సీగారైతే మరీను. నిబంధన అంటే ఆవిడకి నిత్యపూజ. ఆవిడ క్వార్టరు మా వెనక వీధిలోనే. పలకరిస్తే "బావున్నారా ముత్యాలరావుగారూ" అని, జవాబు పూర్తయ్యేలోపు వీధి చివర ఉండేది.

ఉత్పలకి అమ్మమ్మ నుంచి వచ్చిన అలవాటు ఒకటుంది. తెల్లారగానే కళ్ళు సగం మూసుకునే వాకిలి కడిగి ముగ్గేస్తుంది. వీధి గేటుకి వీపు పెట్టి, ఇంటివైపు తిరిగి వంగుంటుంది. కాఫీ పడేదాకా దానికి లోకం తెలీదు. చెయ్యి దాని మానాన అది తిరుగుతూ ఉంటుంది. మొదట్లో మెలికలు, పద్మాలు వేసేది. పట్టీలొచ్చిన కొన్నాళ్ళకి మెలికలు తగ్గాయి. తర్వాత పద్మం రేకులు పోయాయి. చివరికి వట్టి చక్రం మిగిలింది. అది కూడా ఒకపక్క పిండి దిట్టంగా, ఒకపక్క సన్నగా.

"ఏమే, చుక్కలు పెట్టే ఓపిక లేక సున్నా చుట్టేస్తున్నావా? మీ అమ్మమ్మ చూస్తే ఆ పైనుంచే జెల్లకాయ కొడుతుంది" అన్నాను ఓసారి.

"నిద్రమొహం తాతయ్యా" అంది.

సన్యాసిరావు రోజూ భుజాన సంచీ తగిలించుకుని గడప దాటి, ఆ చక్రాన్ని తొక్కకుండా ఓ పెద్ద అంగ వేసి పోయేవాడు. ముగ్గు తొక్కకూడదని వాళ్ళమ్మ నేర్పిందట. తొక్కకుండా ఉండాలంటే చూసి తీరాలి కదా.

బొమ్మలు విప్పే రోజు రానే వచ్చింది. ఆ సభకి ఇంట్లోవాళ్ళని కూడా పిలిచారు. ఇస్త్రీ పంచె కట్టుకుని వెళ్ళాను. ఝాన్సీగారు వేదిక మీద రెండు తెరల మధ్య నిలబడి, రెండు బృందాల ఫలితాల్నీ ఒక్కసారే తెరిచారు. నల్లటి మచ్చ, చుట్టూ నారింజ రంగు కట్ట. రెంటిలోనూ అదే మచ్చ, అదే కట్ట. జనం చప్పట్లకి చేతులెత్తి, ఎత్తినవి ఎత్తినట్టే ఆపేశారు.

ఉత్పల తెర మీద వెలుగు కింద చిక్కగా ఉంది. సన్యాసిరావు తెర మీద పైన.

"రెండు బృందాలకీ కుదరలేదు" అన్నారు ఝాన్సీగారు. గొంతులో ఎత్తూ పల్లం ఏమీ లేదు. "పైన వెలుగున్న చిత్రం ఇప్పటిదాకా అందరూ ఒప్పుకున్న నమూనాకి దగ్గరగా ఉంది. అంతర్జాతీయ సంఘం వచ్చే నెల కూర్చుంటుంది. వాళ్ళు వేరేగా చెప్పకపోతే ఎదురు తిరిగే నమూనాలు తొలగించాల్సి వస్తుంది."

ఎదురు తిరిగే నమూనాలంటే ఉత్పలవి. అది ముందు వరసలో కూర్చుని మొగుడి తెరకేసి చూస్తూ ఉండిపోయింది. సన్యాసిరావు తన చెప్పులకేసి చూసుకున్నాడు.

ఆ సాయంత్రమే పట్టీలు తీసేశారు. ఆర్నెల్ల కబుర్లు ఇద్దరూ కలబోసుకుంటారు, నేను చెవుల్లో దూది పెట్టుకోవాలి అనుకున్నాను. ఏదీ? గొంతుకి తాళం ఉన్నన్నాళ్ళూ సుయ్ సుయ్ మంటూ అయినా మాట్లాడుకున్నారు. తాళం తీశాక మూగనోము పట్టారు.

"తాతయ్యా, ఆయన్ని భోజనానికి లెమ్మను." ఆయన అక్కడే కూర్చుని ఉన్నాడు, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో.

"తాతగారూ, ఆకలి లేదని చెప్పండి."

"తాతయ్యా, ఆకలెందుకుంటుంది, పెళ్ళాం నమూనాలన్నీ మింగేశాక, అని చెప్పు."

"తాతగారూ, నేను కావాలని చెయ్యలేదని చెప్పండి."

"ఒరేయ్, నేనేమన్నా టెలిఫోన్ తీగనా?" అని లేచిపోయాను. "మీ ఇద్దరికీ పట్టీలున్నప్పుడే నయం. నాకొకటి తెచ్చి పెట్టండి, నేను హాయిగా ఉంటాను."

ఇంకెవరైనా నవ్వేవాళ్ళు. ఉత్పల కంచం తీసేసింది. అది ముగ్గులు కూడా మానేసింది. కడిగిన వాకిలి బోడిగా ఉండేది.

శుక్రవారం వచ్చింది. "ఇల్లు కళ తప్పిపోయిందే. రెండు గీతలైనా గియ్యి" అని దాని వెంటపడ్డాను. సణుక్కుంటూ పిండి డబ్బా పట్టుకుని వెళ్ళింది. ఎప్పుడూ ఆ వేళకి సన్యాసిరావు లోపల స్నానం చేస్తూ ఉంటాడు. ఆ రోజు పెళ్ళాం మొహం చూడలేక పెందలాడే లేచి, పాల ప్యాకెట్ల వంకతో బయటికి పోయాడు. తిరిగొచ్చేసరికి అది వంగుని చక్రం చుడుతోంది. ఇన్నాళ్ళూ గడప మీంచే చూసినవాడు, ఆ ముగ్గుని గేటు వైపు నుంచి చూడటం అదే మొదలు.

నేను అరుగు మీద పళ్ళు తోముకుంటున్నాను. సన్యాసిరావు గేటు దగ్గర బొమ్మలా నిలబడిపోయాడు. చేతిలోంచి పాల ప్యాకెట్టు జారి పడి చిట్లింది.

"ఉత్పలా" అన్నాడు. నా పేరు కాదు, దాని పేరే. "ఏటది?"

"ముగ్గు. కనబడట్లేదా?"

"కాదు. సూడు. ఏటి గీసినావో నువ్వే సూడు."

అది నడుం నిటారుగా చేసి కిందికి చూసింది. కాఫీ ఇంకా పడలేదు. అయినా మొహంలో నిద్ర పోవడం నా కళ్ళతో చూశాను. దాని కాళ్ళ దగ్గర, గేటు వైపున, పిండి దిట్టంగా ఉంది. ఇంటి వైపున సన్నగా ఉంది. ఆ సభలో దాని తెర మీద మెరిసిన కట్టే అది.

సన్యాసిరావు ముగ్గు పక్కనుంచి నడిచి గడపెక్కి, వెనక్కి తిరిగాడు. మళ్ళీ గేటు దగ్గరికి వెళ్ళాడు. మళ్ళీ గడపెక్కాడు. పిచ్చిగానీ పట్టిందేమోనని నేను పుల్ల ఉమ్మేశాను.

"గేటు కాడ్నించి సూస్తే కింద వెలుగు, అది నీ బొమ్మ" అన్నాడు. "గడప మీంచి సూస్తే పైన వెలుగు. అది నా బొమ్మ."

ఇద్దరూ మెట్ల మీద కూలబడ్డారు. అప్పుడు అతను చెప్పిందేమిటంటే, చందమామ మీది దూరదర్శినిలో గడియారం కాస్త తేడాగా ఉందట. ఉత్పల బృందం దాన్ని సరిదిద్ది వాడుకుంది. సన్యాసిరావు బృందం నమ్మకం కుదరక పక్కన పెట్టేసింది. ఆ దూరదర్శిని లేకపోతే బొమ్మ తిన్నగా ఉన్నా తలకిందులైనా లెక్కలకి ఒక్కటేనట. రెండూ సమానంగా కుదిరాయి. ఏదో ఒకటి ఎంచుకోవాలి.

"అందరూ నన్నడిగేరు. నేను పైది తీసుకుందాం అన్నాను. ఎందుకంటే అది కంటికి... తెలిసిన మొహంలా ఉంది."

"రోజూ చూశావు కాబట్టి" అంది ఉత్పల. "నేనే చూపించాను."



సన్యాసిరావు చేతులు తుడుచుకున్నాడు. "విను. నేను వెళ్ళి, రెండూ సమానంగా వచ్చేయి, పైది ఊరికే ఎంచుకున్నాం, వెనక్కి తీసుకుంటున్నాను అని చెప్పీస్తాను. అబద్ధం కాదు. నీ ఫలితం ఒక్కటే నిలబడతాది. ముగ్గు మాట ఎత్తక్కర్లేదు."

"ఎత్తితే?"

"నీ దగ్గర్నించి నాకు చేరినట్టు. ఇద్దర్నీ తీసేస్తారు. పేర్లు కూడా ఉండవు."

"మనవడా, బంగారంలాంటి మాట" అన్నాను నేను. "ముగ్గు ఈ పూటే కడిగేస్తాను. బిందెడు నీళ్ళు చాలు."

ఉత్పల నాకేసి చూసింది. చిన్నప్పుడు దాని ఆటలో నేను తొండి చేస్తే అలాగే చూసేది.

"ఊరికే ఎంచుకోలేదు కదా తాతయ్యా. నా ముగ్గు ఈయన కంట్లో పడింది. మరి ఈయనది నా కంట్లో ఏం పడిందో? నిద్రలో ఏం గొణిగాడో, పళ్ళెంలో అన్నం ఏ పక్కకి నెట్టాడో? నేనూ ఈ బొమ్మని అలాగే పట్టుకున్నానేమో, ఎవరికి తెలుసు?"

"కింద ఉందని నీకు తెలుసు కదే!"

"కింద ఉందని నేనంటే లాభం లేదు. అది నిజంగా కింద ఉండాలి. ఇన్నేళ్ళూ దానికోసమేగా కూర్చున్నాను."

కాఫీ కూడా తాగకుండా ఇద్దరూ ఝాన్సీగారింటికి నడిచారు. ఆవిడ వాళ్ళ వెంటే మా వాకిట్లోకి వచ్చి, ముందు గేటు దగ్గర నిలబడి చూశారు. తర్వాత గడపెక్కి చూశారు. ఆవిడ చెప్పులు విప్పి మరీ ఎక్కడం చూసి, కరిగిందేమో అనుకున్నాను.

"నిబంధనల్లో నోరుంది, చేతులున్నాయి, కాగితాలున్నాయి, గోడలున్నాయి" అన్నారు ఆవిడ. "నేల లేదు. ఆ నిబంధనలు రాసినవాళ్ళ ఊళ్ళలో పొద్దున్నే లేచి నేల మీద ఎవరూ గీయరు."

"ఆయ్, అదే కదండీ! నిబంధనలో లేనిది తప్పెలా అవుద్దండీ?" అన్నాను. "పైగా మా ఊళ్ళో ఓసారి ముగ్గులో నెమలిని గీస్తే అది లేచి పక్కింటి వడియాలు తినేసిందండి. ఆ ఇల్లాలి మీద ఎవరూ కేసు పెట్టలేదండి."

ఆవిడ పెదవి చివర కొంచెం కదిలింది. అంతలోనే సర్దుకుంది.

"ముత్యాలరావుగారూ, వీళ్ళు వచ్చి చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. చెప్పాక తెలియనట్టు ఉండలేను." ఉత్పల వైపు తిరిగారు. "మీ ఇద్దర్నీ ఈ పని నుంచి తప్పిస్తున్నాను. రెండు ఫలితాలూ రద్దు. సమాచారం మొత్తం కొత్త బృందానికి, వేరే దేశానికి వెళ్తుంది. వాళ్ళు తేల్చేదాకా మీ నమూనాల్ని ఎవరూ చెరపరు. ఆ మాట మాత్రం నేను ఇవ్వగలను."

"అది చాలండి" అంది ఉత్పల.

ఆవిడ వెళ్ళాక గానీ ఏడవలేదు. ఏడ్చినంతసేపూ సన్యాసిరావు పక్కనే కూర్చుని, కొంగు తడిసిపోయిందని తన తువ్వాలు ఇచ్చాడు. తర్వాత ఇద్దరూ కలిసి గేటు దగ్గర ఒలికిన పాలు కడిగారు. ఆ కడగడంలో మొదలైన మాటలు సాయంత్రం దాకా ఆగలేదు. గడియారం సరిదిద్దడం సరైనదా కాదా అని ఒకటే వాదన. "నువ్వు నమ్మలేదెందుకు?" అని ఇది, "నువ్వెలగ నమ్మీసేవు?" అని అతను. మధ్యాహ్నం పప్పు మాడింది. మాడిన పప్పు ముగ్గురం తిన్నాం. చాలా రుచిగా ఉందని ఇద్దరూ అన్నారు, తింటున్నదేమిటో చూసుకోకుండానే.

కొత్త బృందానికి పని అప్పగించి, ఇక్కణ్ణుంచే దానికి పెద్దగా ఉండటానికి ఝాన్సీగారే గొంతుకి పట్టీ వేసుకున్నారు. ఉత్పలకీ సన్యాసిరావుకీ బీరువాల బాగోగులు చూసే పనిచ్చారు. వీళ్ళ చేతి కింద పనిచేసినవాళ్ళు వీళ్ళకి పై అధికారులయ్యారు. నాకు కష్టంగానే ఉండేది. వాళ్ళకి అంత లేదు. పొద్దున్నే కాఫీ గ్లాసులతో అరుగు మీద కూర్చుని, ఆకాశంలో ఇంకెక్కడో ఉన్న వేరే బిలాల మీద పోట్లాడుకునేవారు. ఏం కావాలన్నా ఒకరినొకరు నోరారా అడిగేవారు. నా దుబాసీ ఉద్యోగం ఊడింది. నాకు కాలక్షేపం లేక, కొండ కింద కాఫీ తోటల్లో కూలీలకి ఎడ్ల కథ చెప్పుకున్నాను. ఈసారి ఆ ఎడ్లు పారిస్ దాకా వెళ్ళొచ్చాయి.

శీతాకాలం మంచు కొండని దుప్పటిలా కప్పేసిన ఓ పొద్దున, ఉత్పల ముగ్గు పిండి డబ్బాతో వాకిట్లోకి దిగింది. ఇప్పుడు వీధివైపు తిరిగి మెలికల ముగ్గులే వేస్తోంది, అది కూడా కాఫీ తాగాక. సన్యాసిరావు తువ్వాలు చుట్టుకుని గుమ్మంలో నిలబడి, చుక్క వంకరపోయిందని వంకలు పెడుతున్నాడు.

మంచులోంచి ఝాన్సీగారు వచ్చారు. గొంతు గుంటలో పట్టీ అలాగే ఉంది. గేటు తీసుకుని లోపలికొచ్చి, ఉత్పల ఎదురుగా నిలబడ్డారు.

"ఉత్పలా, సుయ్..." అన్నారు.

ఆవిడ మొహం ఎర్రబడింది. ఆవిడకి ఆ పట్టీ అడ్డుపడటం నేను ఎప్పుడూ వినలేదు. అంటే ఎప్పుడూ అనకూడనిది అనబోలేదన్నమాట. ఇప్పుడు అనబోయింది.

ఉత్పల పిండి డబ్బా పట్టుకుని లేచి నిలబడింది. సన్యాసిరావు గుమ్మం దిగి సగం దాకా వచ్చి ఆగిపోయాడు.

ఝాన్సీగారు డబ్బాలోకి చెయ్యి పెట్టారు. గుప్పెడు పిండి తీశారు. వంగబోయారు. నేను మెడ సాచి చూశాను. గేటు వైపా, ఇంటి వైపా, ఆ పిండి ఏ పక్క పడుతుందోనని. ఆవిడ అలా సగం వంగి, తడి నేలకేసి కాసేపు చూసి, నిటారుగా లేచి, గుప్పెట విప్పి పిండిని డబ్బాలో పోసేశారు. చేతిని చీరకి తుడుచుకున్నారు. ముదురు నీలం చీర మీద అయిదు వేళ్ళూ తెల్లగా పడ్డాయి.

"నాకు ముగ్గులు రావమ్మా" అన్నారు. "మధ్యాహ్నం అందరికీ ప్రకటిస్తారు. హాలుకి రా. ముందు వరసలో కూర్చో."

అని, వచ్చినంత వేగంగానూ మంచులోకి వెళ్ళిపోయారు.

"ఏటన్నాది? ఏటన్నాది?" అన్నాడు సన్యాసిరావు.

"ఏమీ అనలేదు" అంది ఉత్పల. ఆ మొహం చూసి అతనికి ఈసారి అర్థం కావడానికి ఏమాత్రం వ్యవధి పట్టలేదు. చెడ్డ కబురు చెప్పడానికి ఎవరూ పిండి తీసుకోరు కదా.

ఉత్పల డబ్బా చంకలో పెట్టుకుని వంగింది. చుక్క మీద చుక్క పెట్టుకుంటూ పోయింది. వాకిలి చాల్లేదు, గేటు దాటింది. సన్యాసిరావు లోపలికి పరిగెత్తి బియ్యప్పిండి డబ్బా కూడా తెచ్చిచ్చాడు. పాల వ్యాను వచ్చి, తొక్కడానికి మనసొప్పక మలుపులోనే ఆగిపోయింది. ఆ ముగ్గు ఘాట్ రోడ్డు మలుపులన్నీ దిగి రంపచోడవరం బస్టాండు దాకా పోయిందని నేనంటాను. పక్కింటి గేటు దాకానే పోయిందని ఉత్పల అంటుంది.